మల్లొచ్చి చెప్తరా?

పోయిన నెల ఒక ఆదివారం నా పాత విద్యార్థిని ఇంటికొచ్చింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివింది. ఇప్పుడు పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తోంది. పత్తి చేలల్లో కూలికి పోయే ఆడవాళ్లలో రక్తహీనత మీద ఆమె ప్రాజెక్టు. చేతిలో రెండు పేజీల కన్సెంట్ ఫారం ఉంది. "సార్, ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాం. తప్పులుంటే దిద్దండి. రేపు ఎథిక్స్ కమిటీకి పెట్టాలి" అంది.

చదివాను. అక్షర దోషాలు లేవు. వ్యాకరణం సరిగ్గానే ఉంది. "ఈ అధ్యయనమునందు మీ భాగస్వామ్యం పూర్తిగా స్వచ్ఛందమైనది. మీ దత్తాంశముల గోప్యత పరిరక్షించబడును." తెలుగులో డాక్టరేట్ చేసినోణ్ణి, నాకే రెండోసారి చదివితే గానీ ఎక్కలేదు.

మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చిన్నప్పటి నుంచి పత్తి ఏరిన చేతులు. "గట్టిగ చదువు బిడ్డా, నేను గూడ ఇంట" అంది. ఆ అమ్మాయి చదివింది. అమ్మ అంతా విని రెండే అడిగింది.

"నెత్తురు దేనికి తీస్తరో చెప్పినవు. మరి ఆ నెత్తురు తోటి ఇంకేమన్న జేస్తరా?"

"ఏం తేలిందో మల్లొచ్చి చెప్తరా?"

ఆ అమ్మాయి నా మొహం చూసింది. నేను ఫారం చూశాను. రెండు పేజీల్లో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేదు.

మిత్రులారా, ఈ వారం వ్యాసం ఆ రెండు ప్రశ్నల చరిత్ర. ఇయ్యాల మన పిల్లలు పబ్లిక్ హెల్త్, నర్సింగ్, సోషల్ వర్క్, స్టాటిస్టిక్స్ కోర్సుల్లోకి పోతున్నారు. వాళ్లకు లెక్కల సాఫ్ట్‌వేర్లు నెలల తరబడి నేర్పుతారు. ఎథిక్స్ మాత్రం ఒక పూట క్లాసు. లెక్క వేరు, నీతి వేరు అన్నట్టు నడుస్తుంది. ఈ రెంటినీ విడదీసినప్పుడల్లా ఎవరి ఒంటి మీద దెబ్బ పడిందో చరిత్రలో రాసి ఉంది. సాహిత్యం చెప్పుకునే నాకు ఇదెందుకు అంటారా? ఆ ఫారం తెలుగులో ఉంది. ఆ నెత్తురు మనది.

1. ఒకే లెక్క, రెండు చదువులు

1896లో అమెరికాలో ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే ఆయన ఒక పుస్తకం అచ్చేశాడు. ప్రుడెన్షియల్ అనే బీమా కంపెనీలో గణాంక నిపుణుడు. పుస్తకం నిండా పట్టికలే. నల్లజాతి ప్రజల మరణాల రేటు తెల్లవాళ్ల కంటే ఎక్కువ, క్షయ ఎక్కువ, పసిపిల్లల చావులు ఎక్కువ అని చూపించాడు. ఆ అంకెల్లో చాలావరకు అబద్ధం కాదు. ఆ అంకెల నుంచి ఆయన తీసిన మాటే ఘోరం. దీనికి కారణం వాళ్ల బతుకు పరిస్థితులు కాదు, వాళ్ల జాతి లక్షణాలే అన్నాడు. ఈ జాతి క్రమంగా అంతరించిపోతుంది అన్నాడు. నల్లవాళ్లకు బీమా నిరాకరించడానికి కంపెనీలకు అంతకంటే ఏం కావాలి?

ఆ మరుసటి ఏడే ఆ పుస్తకాన్ని సమీక్షించినవాడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు కూడా లేవు. ఆయన హాఫ్‌మన్‌ను తిట్టలేదు. లెక్క అడిగాడు. నల్లవాళ్ల రేటును దేనితో పోలుస్తున్నావు? యూరప్‌లోని కొన్ని నగరాల్లో తెల్లవాళ్ల మరణాల రేటు కూడా అంతే ఉంది, మరి వాళ్లూ అంతరించిపోయే జాతేనా? అని అడిగాడు.

స్టాటిస్టిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. రెండు గుంపుల మధ్య తేడా కనపడగానే ఆ తేడాకు గుంపు పేరే కారణం అనుకోవడం చాలా పాత తప్పు. ఇల్లు, నీళ్లు, కూలి, తిండి, మురికి కాలువ ఇవన్నీ ఆ పేరు వెనక దాక్కుని ఉంటాయి. మీ పాఠ్యపుస్తకం దీన్ని కన్‌ఫౌండింగ్ అంటుంది. డుబాయిస్ దీన్ని ఇంటింటికీ తిరిగి పట్టుకున్నాడు. ఫిలడెల్ఫియా నగరం ఏడో వార్డులో 1896–97లో స్వయంగా సర్వే చేశాడు. 1899లో అది పుస్తకంగా వచ్చింది. నల్లవాళ్లలోనే ఒక వార్డుకూ ఇంకో వార్డుకూ మరణాల రేటు చాలా తేడాగా ఉందని అందులో చూపించాడు. జాతి ఒకటే, గల్లీ మారితే చావు లెక్క మారింది.

ఆ పుస్తకం వచ్చిన ఏడే, 1899 మే నెలలో, అట్లాంటాలో ఆయన కొడుకు డిఫ్తీరియాతో చనిపోయాడు. పిల్లాడికి రెండేళ్లు నిండలేదు. శిశు మరణాల పట్టికలు రాసిన చెయ్యే ఆ పిల్లాడి పాడె మోసింది. లెక్క రాసేవాడూ లెక్కలో పడ్డవాడూ ఒకే ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

డుబాయిస్ ఒక్కడే గొప్పవాడని ఇదంతా చెప్పడం లేదు. 1897 నుంచి 1910 దాకా ఆయన అట్లాంటా యూనివర్సిటీలో పాఠం చెప్పాడు. నల్లవాళ్ల కోసం నడిచిన ఆ కాలేజీలో విద్యార్థులకు సర్వే చేయడం, పట్టిక కట్టడం, చార్ట్ గీయడం నేర్పాడు. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన అరవై దాకా రంగుల చార్టులు ఆ విద్యార్థులు, పాత విద్యార్థులు ఆయనతో కలిసి చేత్తో గీసినవే. 1906లో నల్లవాళ్ల ఆరోగ్యం మీదే ఒక సంపుటం వెలువడింది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పిల్లలు తమ జనం ఆరోగ్యాన్ని తామే లెక్కగట్టుకోవడం నేర్చుకున్న బడి అది. ఆరోగ్య పరిశోధకులకు డేటా శిక్షణ అనే మాటకు చరిత్ర రాస్తే నేను మొదటి పేజీ ఆ బడికి ఇస్తాను. అక్కడ లెక్క, నీతి ఒకే బెంచీ మీద కూర్చున్నాయి.

2. నలభై ఏళ్ల పట్టిక

అదే అమెరికాలో, అలబామా రాష్ట్రం మేకన్ కౌంటీలో 1932లో ఇంకో లెక్క మొదలైంది. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖే నడిపింది. దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్లు. ఎక్కువమంది పత్తి చేలల్లో పాలుకు చేసుకునే పేదలు. 399 మందికి సిఫిలిస్ ఉంది, 201 మందికి లేదు. వైద్యం చేయకుండా వదిలేస్తే ఈ జబ్బు ఒంటిని ఎట్లా తింటుందో చూడటం దాని ఉద్దేశం. వాళ్లకు మాత్రం "మీకు చెడు రక్తం ఉంది, వైద్యం చేస్తున్నాం" అని చెప్పారు. వెన్నులో సూది గుచ్చి నీరు తీసి, అది ప్రత్యేకమైన ఉచిత చికిత్స అన్నారు. చచ్చిపోయాక శవాన్ని కోయనిస్తే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. 1940ల నడుమకు పెన్సిలిన్ వచ్చి సిఫిలిస్ నయమయ్యే జబ్బయింది. వీళ్లకు మాత్రం ఇవ్వలేదు.

టస్కెగీ అధ్యయనం అంటే రహస్యంగా జరిగిన కుట్ర అని చాలామంది అనుకుంటారు. అది రహస్యం కాదు. 1936 నుంచి వైద్య పత్రికల్లో డజనుకు పైగా వ్యాసాలు బహిరంగంగా అచ్చయ్యాయి. వేలమంది డాక్టర్లు ఆ పట్టికలు చదివారు. అందులో "చికిత్స పొందనివారు" అని ఒక గడి ఉండేది. ఆ గడిలో ఉన్నవాళ్లు మనుషులనీ, వాళ్లకు మందు ఉందనీ చదివినవాళ్లకు తట్టలేదు. 1965లో ఇర్విన్ షాట్జ్ అనే డాక్టర్ ఒక వ్యాసం చదివి, ఇదేం పని అని రచయితలకు ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. ఆ ఉత్తరం ఫైల్లోకి పోయింది.

ఆ పట్టిక చదివి నిలబడ్డ ఇంకొకడు పీటర్ బక్స్‌టన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే ప్రజారోగ్య శాఖలో పనిచేసే ఇరవైల్లో ఉన్న కుర్రాడు. డాక్టర్ కూడా కాదు. 1966లో పైవాళ్లకు ఉత్తరం పెట్టాడు. 1968లో మళ్లీ రాశాడు. 1969లో నిపుణుల కమిటీ కూర్చుని, అధ్యయనం కొనసాగించాలనే తేల్చింది. చివరికి ఆయన పత్రికలకు చెప్పాడు. 1972 జూలైలో జీన్ హెల్లర్ రాసిన వార్త దేశమంతా వచ్చింది. ఆ ఏడాదే అధ్యయనం ఆగింది. నలభై ఏళ్లు గడిచిపోయాయి.

ఇంకో చేదు మాట కూడా చెప్పుకోవాలి. ఆ మనుషులను కారులో ఎక్కించుకుని పరీక్షలకు తీసుకుపోయిన నర్సు యూనిస్ రివర్స్ నల్లజాతి స్త్రీ. వాళ్లు ఆమెను నమ్మారు. మన మనిషి ఒకరు టీములో ఉంటే చాలు, న్యాయం జరుగుతుంది అనుకునేవాళ్లు ఈ చరిత్రను చదవాలి. ప్రశ్న ఎవరి చేతిలో ఉంది, ఆపే అధికారం ఎవరికి ఉంది అన్నవి తేలకుండా మన మనిషిని కూర్చోబెడితే, మన నమ్మకాన్ని వాళ్లు వాడుకోవడానికే ఆ కుర్చీ పనికొస్తుంది.

3. నీతి సర్టిఫికెట్ అయిన కథ

టస్కెగీ బయటపడ్డాక 1974లో అమెరికాలో పరిశోధన చట్టం వచ్చింది. 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. మూడు సూత్రాలు చెప్పింది: మనిషికి గౌరవం, మేలు చేయడం, న్యాయం. ఈ మూడోదాన్ని మన క్లాసుల్లో గబగబా దాటేస్తారు. పరిశోధన భారం ఎవరి మీద పడుతోంది, దాని ఫలం ఎవరికి పోతోంది అని అది అడుగుతుంది. మా అమ్మ అడిగినదీ అదే.

2000 అక్టోబర్ నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులు తీసుకునే పరిశోధకులు మనుషుల రక్షణ మీద శిక్షణ తీసుకోవడం తప్పనిసరి అయింది. మంచి నియమమే. ఆచరణలో అది చాలాచోట్ల కంప్యూటర్ ముందు కూర్చుని బటన్లు నొక్కి సర్టిఫికెట్ ప్రింటు తీసుకోవడంగా మారింది. మన దేశంలో ఐసీఎంఆర్ 1980లోనే మొదటి విధాన ప్రకటన చేసింది. 2000లో, 2006లో, 2017లో మార్గదర్శకాలు తెచ్చింది. 2017 పుస్తకం బాగానే ఉంటుంది. సామాజికంగా, ఆర్థికంగా వెనక్కి నెట్టబడ్డవాళ్లకు ప్రత్యేక రక్షణ ఉండాలని కూడా రాసింది. యూజీసీ 2019 చివర్లో పీహెచ్‌డీ చేసేవాళ్లందరికీ రెండు క్రెడిట్ల ఎథిక్స్ కోర్సు పెట్టింది. అందులో బరువంతా కాపీ కొట్టడం, ప్రచురణ, సైటేషన్ల మీదే. వాక్యం దొంగిలించకూడదని గట్టిగా నేర్పుతాం. నెత్తురు తీసుకున్న మనిషి దగ్గరకు మళ్లీ పోవాలని నేర్పడం మాత్రం మర్చిపోతాం.

నేను రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్న రోజుల్లో ఒక వర్క్‌షాపులో కూర్చున్నాను. సర్వే చేయడం ఎట్లా అని పాఠం. "చదువు రానివాళ్లయితే ఏం చేయాలి సార్?" అని ఒకరు అడిగారు. "వేలిముద్ర తీసుకోండి, సాక్షి సంతకం పెట్టించండి, అంతే" అని జవాబు వచ్చింది. గదిలో ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. మా నాయన వేలిముద్ర మనిషి. ఆ రోజు నోరు విప్పనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

4. భద్రాచలం హాస్టళ్లు

వేలిముద్రంటే ఏమిటో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. గేట్స్ ఫౌండేషన్ డబ్బు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇదే ప్రాజెక్టు. ఖమ్మంలో టీకా వేసుకున్న పిల్లల్లో చాలామంది ఆదివాసీ పిల్లలు, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలు, మహిళా సంఘాల నిజనిర్ధారణ, ఆందోళనల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదిక ఇచ్చింది. అందులోని అంకెలు చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. తల్లిదండ్రులు అడవి ఊళ్లలో ఉన్నారు. బిడ్డ ఒంట్లోకి సూది పోయే విషయం వాళ్లకు తెలియకుండానే సమ్మతి తయారైంది.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. హెచ్‌పీవీ టీకా విషం అని నేను అనడం లేదు. ఎన్నో దేశాల్లో ఆ టీకా వల్ల ఈ క్యాన్సర్ తగ్గుతోంది. మన ఆడవాళ్లు ఈ జబ్బుతో చస్తున్నారు కాబట్టి ఆ రక్షణ వాళ్లకూ అందాలి. చనిపోయిన పిల్లల విషయంలో కూడా, ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనపడలేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. మనం ఆధారం లేని మాట అంటే రేపు మన మాట ఎవరూ వినరు.

కానీ లెక్కల విద్యార్థి ఇంకో ప్రశ్న అడగాలి. సంబంధం లేదని చెప్పడానికి, టీకా తర్వాత పిల్లలకు ఏమైందో రోజూ రాసి ఉండాలి కదా? దుష్ప్రభావాలను కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగ్గా లేదని, స్వతంత్ర పర్యవేక్షణ లేదని స్థాయీ సంఘం తప్పు పట్టింది. రాయని జ్వరం పట్టికలో సున్నా అవుతుంది. తర్వాత ఎవరో వచ్చి ఆ సున్నా చూసి హాని లేదంటారు. "హాని కనపడలేదు" అనడానికీ "హాని కోసం చూడలేదు" అనడానికీ మధ్య ఉన్న తేడా నేర్పని డేటా శిక్షణ ఎందుకు? ఖమ్మంలో నీతి తప్పిన చోటే లెక్క కూడా తప్పింది. తల్లికి చెప్పి ఉంటే, బిడ్డకు జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో ఆమెకు తెలిసేది. ఆమె చెప్పిన మాటే డేటా అయ్యేది.

ఇంకోటి, పేరు. దీన్ని క్లినికల్ ట్రయల్ అనలేదు. "ప్రదర్శన ప్రాజెక్టు", "పరిశీలనాత్మక అధ్యయనం" అన్నారు. ట్రయల్ అంటే నియమాలు గట్టివి. పేరు మారితే నియమం మారుతుంది. మాట ఎంత పని చేస్తుందో సాహిత్య విద్యార్థులు చూడవలసిన చోటు ఇదే.

5. "ఆ నెత్తురు తోటి ఇంకేమన్న జేస్తరా?"

అమ్మ అడిగిన మొదటి ప్రశ్నను 2003లో అమెరికాలో ఒక ఆదివాసీ యువతి అడిగింది. గ్రాండ్ కాన్యన్ అడుగున బతికే హవసుపాయ్ తెగ. వాళ్లలో మధుమేహం ఎక్కువ. 1990లలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మధుమేహానికి కారణం కనిపెడతామని రక్తం తీసుకున్నారు. చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. ఫారంలో మాత్రం ప్రవర్తన, వైద్య సంబంధ రుగ్మతలు అని వెడల్పుగా రాసి ఉంది. 2003లో కార్లెట్టా టిలూసి అనే ఆ తెగ యువతి యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ ప్రదర్శనకు పోయింది. తమ రక్తం మీద మధుమేహంతో సంబంధం లేని పరిశోధన జరుగుతోందని అక్కడ విన్నది. లేచి, దీనికి మా అనుమతి ఉందా అని అడిగింది. తర్వాత తవ్వితే స్కిజోఫ్రెనియా, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు, ఆ జాతి ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న విషయాల దాకా ఆ రక్తాన్ని వాడారని తేలింది. ఆ తెగ నమ్మకం ప్రకారం వాళ్లు పుట్టింది ఆ లోయలోనే. కేసు నడిచింది. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తపు నమూనాలను తిరిగి అప్పగించింది. తెగవాళ్లు వాటిని సొంత ఊరికి తెచ్చుకున్నారు.

ఆదివాసీ ప్రపంచం దీన్నుంచి శాస్త్రం తయారు చేసుకుంది. కెనడా ఆదివాసీ జాతులు 1998లోనే మా డేటా మీద యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం మావే అని నాలుగు సూత్రాలు పెట్టుకున్నాయి. 2017లో దక్షిణాఫ్రికా శాన్ ప్రజలు తమ దగ్గరకొచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాసిచ్చారు. అంటే ఎథిక్స్ కమిటీ ఎక్కడో నగరంలో కాదు, ఊళ్లోనే కూర్చుంది.

6. పేరు తీసేస్తే సరిపోతుందా?

"మీ పేరు ఎక్కడా రాయం" అని ఫారంలో ఒక వాక్యం ఉంటుంది. 1990ల నడుమ అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. ఎవరి గోప్యతకూ భంగం లేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చాడు. అప్పుడు ఎంఐటీలో చదువుకుంటున్న లటాన్యా స్వీనీ అనే నల్లజాతి విద్యార్థిని ఇరవై డాలర్లు పెట్టి ఓటరు జాబితా కొన్నది. పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్. ఈ మూడింటినీ కలిపి ఆస్పత్రి రికార్డుల్లో గవర్నర్‌ను పట్టుకుంది. ఆయన రికార్డు ఆయన ఆఫీసుకే పంపింది.

ఇప్పుడు మన ఊరికి రండి. ఊరి పేరు, కులం, వయసు, జబ్బు. పన్నెండు ఇళ్లున్న వాడలో నలభై రెండేళ్ల ఒంటరి ఆడమనిషి అంటే పేరు రాయకపోయినా ఊరంతటికీ తెలుస్తుంది. టీబీ, హెచ్‌ఐవీ, గర్భస్రావం లాంటి మాటలు ఆ పేరు పక్కన చేరితే ఆమెకు కూలి దొరుకుతుందా? నగరంలో పనిచేసే గోప్యత నియమం మన వాడలో పనిచేయదు. చిన్న గుంపుల అంకెలు విడిగా అచ్చేయకూడదని, ఊరి పేరు పెద్ద ప్రాంతంలో కలపాలని నేర్చుకోవడం కూడా డేటా విశ్లేషణలో భాగమే.

2019లో పార్లమెంటుకు వచ్చిన డేటా రక్షణ బిల్లులో ఆరోగ్య సమాచారంతో పాటు కులం, తెగ కూడా సున్నితమైన సమాచారం అని విడిగా ఉంది. 2023లో వచ్చిన చట్టంలో ఆ విభాగమే లేదు. పరిశోధన, గణాంకాల కోసం అయితే, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తూ, ఆ సమాచారంతో ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోనంత వరకు చట్టం వర్తించదని మినహాయింపు కూడా ఉంది. కాబట్టి చట్టం మనల్ని కాస్తుందిలే అని పరిశోధకుడు నిద్రపోకూడదు.

లెక్కలో ఏ మాటను దేనికి బదులు పెట్టామన్నది కూడా నీతే. 2019లో సైన్స్ పత్రికలో జియాద్ ఒబర్‌మేయర్, ఆయన సహచరులు ఒక పరిశోధన అచ్చేశారు. అమెరికా ఆస్పత్రులు విరివిగా వాడే ఒక కంప్యూటర్ పద్ధతి, ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేలుస్తుంది. అది జబ్బును కొలవకుండా వైద్యానికైన ఖర్చును కొలిచింది. పేద నల్లవాళ్ల మీద ఖర్చు తక్కువ అవుతుంది కాబట్టి, జబ్బు ఎక్కువున్నా వాళ్లను ఆరోగ్యవంతులుగా లెక్కేసింది. ఆ తప్పు సరిచేస్తే సాయం అందే నల్లజాతి రోగుల శాతం 17.7 నుంచి 46.5కు పెరుగుతుందని లెక్కగట్టారు. ఆ పద్ధతిలో జాతి అనే గడే లేదు. కులం గడి తీసేస్తే కులం పోతుందనేవాళ్లకు ఇది చూపించండి.

7. లెక్క మనకే కావాలి

ఇదంతా విని "సర్వేకు ఎవరొచ్చినా తలుపు తీయొద్దు" అనుకుంటే మనకే నష్టం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వెయ్యి మంది పుట్టిన పిల్లల్లో ఏడాది లోపు సుమారు 35 మంది చనిపోతున్నారు. షెడ్యూల్డ్ కులాల్లో అది దాదాపు 41, షెడ్యూల్డ్ తెగల్లో దాదాపు 42. కులం అడగకుండా లెక్కేస్తే మన పిల్లల చావు ఆ 35లో కలిసిపోయేది. మనల్ని లెక్కించకపోవడం కూడా మనల్ని చంపే పద్ధతుల్లో ఒకటి. అందుకే లెక్క కావాలి. మన చేతుల్లో కూడా కావాలి.

పబ్లిక్ హెల్త్ చదివే పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. గణాంకాలు బాగా నేర్చుకోండి, డుబాయిస్ ఆయుధం అదే. ప్రతి పట్టిక చూసినప్పుడు హారంలో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడగండి. ఖాళీ గడిని సున్నాగా చదవకండి. ఇచ్చిన సమ్మతి ఏ ప్రశ్నకో, ఆ ప్రశ్న దాటితే మళ్లీ పోయి అడగండి. ఫారం రాసి ముందు మీ అమ్మకు చదివి వినిపించండి. ఆమెకు అర్థం కాకపోతే కమిటీ ఒప్పుకున్నా అది సమ్మతి కాదు. తేలిన విషయం వాడకు తిరిగి తీసుకుపోయే రోజును కూడా ప్రాజెక్టు క్యాలెండర్‌లో, బడ్జెట్‌లో రాయండి.

ఆ ఆదివారం మేం ముగ్గురం కూర్చుని ఫారం మళ్లీ రాశాం. "దత్తాంశముల గోప్యత" పోయి "మీరు చెప్పిన మాట, మీ పరీక్షలో వచ్చింది ఇంకెవరికీ చెప్పం" అని వచ్చింది. "ఉపసంహరణ" పోయి "మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు, దానివల్ల మీకు ఆస్పత్రిలో ఏ ఇబ్బందీ రాదు" అని వచ్చింది. "ఈ నెత్తురు రక్తహీనత పరీక్షకే. వేరే దేనికీ వాడం" అని ఒక వాక్యం. చివర్లో "పరీక్షలో ఏం వచ్చిందో మీకు విడిగా చెప్తాం. అందరిదీ కలిపి ఏం తేలిందో మీ వాడకు మళ్లీ వచ్చి చెప్తాం" అని అమ్మ చెప్పినట్టే రాశాం.

మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కమిటీ తెలుగు బాగుందన్నదట. చివరి వాక్యం మీద మాత్రం గైడ్ అడ్డం పడ్డాడట. మళ్లీ పోయి చెప్పడానికి డబ్బులు ఎక్కడివి, ఆ వాక్యం తీసెయ్ అన్నాడట.

"మరి తీసేశావా?" అన్నాను.

"లేదు సార్. బస్సు చార్జీలు నేనే పెట్టుకుంటానని రాసిచ్చాను."

ఈ మాట అమ్మకు చెప్పాను. "ఆ పిల్ల వచ్చే రోజు ముందుగాల చెప్పమను. పనికి పోకుండ అందరం ఉంటం" అంది.